గట్టు మీద బ్లూటూత్ డబ్బా

దాన్ని మొదటిసారి చూసినప్పుడు స్నానానికి వాడే మగ్గేమో అనుకున్నాను. నారింజ రంగు, పట్టుకోవడానికి ఒక తాడు, అడుగున రబ్బరు. పొలం యజమాని కొడుకు, మేం చిన్న సావుకారు అనే ఆయన, దాన్ని పొలం గట్టు మీద, మా సద్ది గిన్నెల పక్కన, పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా పెట్టాడు. వేలితో ఎక్కడో నొక్కాడు. అది టుయ్‌మని మోగి, ఆడగొంతుతో ఇంగ్లీషులో ఏదో అంది. నడుములు వంచి నాటు వేస్తున్న వాళ్ళమంతా తలలెత్తి చూశాం. అప్పుడు ఆయన ముఖం చూడాలి. ఆ డబ్బాను తానే కని పెంచినట్టు మురిసిపోతున్నాడు.

"బ్లూటూత్ స్పీకరమ్మా ఇది. తీగా గీగా ఏం ఉండదు. ఫోను నా జేబులో ఉంటుంది, పాట అక్కడ మోగుతుంది" అన్నాడు.

మాకేదో తెలియనట్టు. మమ్మల్ని రోజూ పొలానికి తెచ్చే టంటం ఆటో పైకప్పుకు అలాంటిదే ఒకటి వేలాడుతుంటుంది. నాకు పెళ్ళయిన కొత్తలో, బటన్ ఫోన్ల రోజుల్లోనే, మా ఊరి పిల్లలు రెండు ఫోన్లు వీపుకు వీపు ఆనించి రేషన్ షాపు అరుగు మీద పెట్టి, ఒకదాంట్లోని పాట ఇంకోదాంట్లోకి పోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు. పాటకు కాళ్ళు లేకపోయినా నడుస్తుందని మేం ఎప్పుడో చూశాం. ఈయన మాత్రం తుంగభద్ర కాలువను తానే తవ్వి తెచ్చినట్టు నిలబడ్డాడు.

ఆయనకు చెవిలో ఒకటి, మణికట్టు మీద ఒకటి, జేబులో ఒకటి, కారులో ఒకటి. ఇవన్నీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయట. ఇంట్లో తండ్రికీ ఆయనకూ మాటల్లేవని మాత్రం క్యాంపంతా తెలుసు. ఫోను వస్తే ముందు చెయ్యి జలదరిస్తుంది. చెయ్యి చూసుకుని, చెవి నొక్కుకుని, గాలితో మాట్లాడతాడు. మొదట్లో మా గుంపులో ఒకామె తనతోనే మాట్లాడుతున్నాడనుకుని "ఏంది సావుకారి?" అని పాపం బదులిచ్చింది. "నిన్ను కాదమ్మా" అని విసుక్కున్నాడు. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే గాలితో మాట్లాడేవాడిది తప్పు కాదట, బదులు పలికిన దానిదే తప్పట.

మేమెవరమో చెప్పాలి కదా. నేను పుట్టింది మక్తల్ వైపు. తెలుగులో పదో తరగతి దాకా చదివించి, కృష్ణ దాటించి, రాయచూరు జిల్లాలో ఒక ఊరికి ఇచ్చారు. మా అత్తగారి ఊరి పొలాలు వానను నమ్ముకున్నవి. అందుకే నాట్ల కాలం రాగానే ఆడవాళ్ళం గుంపుగా జవళగేర వైపు, కాలువ కింది క్యాంపులకు పోతాం. సీజను అయ్యేదాకా అక్కడే రేకుల షెడ్డులో ఉంటాం. ఆ క్యాంపులూ పొలాలూ ఎప్పుడో గోదావరి వైపు నుంచి వచ్చి, ఊళ్ళు కట్టుకుని స్థిరపడ్డవాళ్ళవి. వాళ్ళ తెలుగు వేరు, మాది వేరు. మా మాట వింటే వాళ్ళకు నవ్వు, వాళ్ళ మాట వింటే మాకు నవ్వు. కాకపోతే వాళ్ళు ముఖం మీదే నవ్వుతారు, మేం అటు తిరిగి నవ్వుకుంటాం.

గుంపుకు పెద్ద మా అత్త. పాట ఎత్తేది కూడా ఆమే. ఆమె గొంతు గురించి గొప్పలు చెప్పను. రేకు డబ్బాలో కంకర పోసి ఊపినట్టుంటుంది. ఆ పాటలంటే నాకేమీ మోజు కూడా లేదు. మా పల్లెపాటల గురించి టౌను మనుషులు కళ్ళు తుడుచుకుంటూ రాసేవి చదివినప్పుడల్లా, వాళ్ళను ఒక పూట బురదలో నిలబెట్టి నారు చేతికివ్వాలనిపిస్తుంది. అత్త పాడితే మేం అందుకుంటాం, అంతే. ఆమె ఆగితే మా చేతులు ఆగుతాయి. పొగాకు నోట్లో వేసుకోవడానికి ఆమె పాట ఆపిందంటే మునుంలో ఉన్నవాళ్ళంతా నడుములెత్తి నిలబడాల్సిందే. మా గుంపుల్లో ముందునుంచీ ఇదే పద్ధతి. ఏ సావుకారూ దీనికి అడ్డు చెప్పలేదు.

మునుం అంటే మేం వరసగా నిలబడి పట్టే పని. ఒక్కొక్కరికి తన ముందు ఇంత వెడల్పు పట్టె. నాటు వేసుకుంటూ అందరం వెనక్కి జరుగుతాం. ఒకామె నెమ్మదించిందంటే మిగతావాళ్ళు వెనక్కి పోతూనే ఉంటారు, ఆమె ఒక్కతే ముందు మిగిలిపోతుంది. అటూ ఇటూ ఇతరులు నాటిన పచ్చటి నారు, మధ్యలో ఖాళీ బురదలో ఆమె. దాక్కుందామన్నా చోటుండదు. క్యాంపంతా చూస్తుంది.

అలా మిగిలిపోయే మనిషి మా గుంపులో ఒకరే, మా వదినె. మా ఆయనకు అక్క, అత్త కన్న కూతురు. మొగుడు ఇంకొకదాన్ని తెచ్చుకుంటే పుట్టింటికి వచ్చేసింది. ఒకసారి ట్రాక్టరు ట్రాలీ మీంచి పడి ఎడమ మోకాలు పాడుచేసుకుంది. నోట్లో నాలుక లేని మనిషి. ఒక్క మాట మాత్రం ఎప్పుడూ అనేది. "కాలు వంగినన్ని దినాలు గుంపుతోనే వస్త. ఇంట్ల కూసొని ఒకరు పెడితే తినే బతుకు నాకొద్దు." గుంపులో చోటు పోతే ఆమెకు మిగిలేది తమ్ముళ్ళ ఇళ్ళల్లో మూల ఒకటి. ఆ తమ్ముళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడు కాబట్టి ఆ మూల ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఇన్నేళ్ళూ వదినె అందరితో సమంగానే వచ్చేది. ఎలా వస్తోందో నేను పట్టించుకోలేదు. డబ్బా వచ్చాకే తెలిసింది.

మొదటి రోజు డబ్బాలో సినిమా పాటలు. డప్పులు, అరుపులు, మధ్యలో విజిల్స్. "మీ పాటలు ఇక చాలమ్మా. నీరసం వచ్చేస్తోంది. ఈ ఊపుతో నాటండి" అన్నాడు చిన్న సావుకారు. కుర్రపిల్లలకు కాళ్ళలో సంబరం పుట్టింది. ఎకరాకింత అని గుత్తకు ఒప్పుకున్న పని కాబట్టి తొందరగా తెమిలితే ఎవరికి చేదు? అందరి చేతులూ పాటతో పాటు ఉరికాయి. అత్త కూడా పాట ఆపి, తల వంచుకుని ఉరికింది.

కాసేపటికి ఆయనకు ఫోనొచ్చింది. చెవి నొక్కుకుని, గాలితో మాట్లాడుతూ పంపు షెడ్డు వైపు నడిచాడు. నాలుగు మళ్ళు దాటాడో లేదో గట్టు మీద పాటకు నత్తి వచ్చింది. తెగింది, అతికింది, మళ్ళీ తెగింది. తర్వాత చప్పుడే లేదు. మేమందరం చేతులు ఆపి నడుములెత్తాం. ఆయన పరుగున వచ్చాడు.

"ఏమ్మా, ఎందుకు ఆపేశారు?"

"పాట ఆగింది గద సావుకారి" అంది అత్త.

"పాట ఆగితే పని ఆపేస్తారా?"

"మరి? మా తాన గంతే."

ఆయన గట్టు మీదికి రాగానే డబ్బా మళ్ళీ అరిచింది. మేం మళ్ళీ వంగాం. ఆ పూటంతా అదే తంతు. ఆయన ఒంటేలుకు పోతే పాట ఆగేది. చల్లటి నీళ్ళ కోసం కారు దాకా పోతే ఆగేది. ఆఖరికి గుంజకు కట్టేసిన దూడలా ఆ డబ్బా పక్కనే ఎండలో నిలబడ్డాడు. రాయచూరు ఎండ సావుకారనీ చూడదు, కూలిదనీ చూడదు. మెడ మీద కర్చీపు వేసుకుని, కారే చెమట తుడుచుకుంటూ, తీగ లేని పాటకు తానే తీగై నిలబడ్డాడు మహానుభావుడు. నేనైతే కడుపారా నవ్వుకున్నాను.

మరునాడు ఇంకో ముచ్చట. మా గుంపులో ఒక పిల్ల కొంగు చాటున తన ఫోను తెరిచి, ఆయన అటు తిరిగిన క్షణాన డబ్బాను తన ఫోనుకు కలిపేసుకుంది. ఆయన తన పాట కోసం ఫోను మీద వేలు రాస్తుంటే ఇక్కడ కన్నడ జానపదం మోగుతోంది. "ఎవరమ్మా అది? ఎవరు కనెక్ట్ చేశారు?" అని గట్టంతా తిరిగాడు. ఆ పిల్ల "సుమ్నె, ఊకె ఉండు సావుకారి, అదే మోగుతుంది, మాకేం ఎరుక" అని నంగనాచి మొహం పెట్టింది. ఇంత చదివాడు, బెంగళూరులో ఉండి వచ్చాడు, తన డబ్బా ఎవరి మాట వింటోందో తనకే తెలియలేదు.

అయితే ఈ నవ్వుల మధ్య వదినె ముందు మిగిలిపోయింది. మొదటి రోజు ఒక మనిషి పొడవంత. రెండో రోజు సగం మడి. అటూ ఇటూ పచ్చగా నారు, మధ్యలో ఆమె, మోకాలు పట్టుకుని లేస్తూ వంగుతూ. అప్పుడు నాకు వెలిగింది. అత్త పాడేటప్పుడు ఒక కన్ను ఎప్పుడూ కూతురి మీదే ఉండేది. వదినె నెమ్మదించగానే అత్త చరణం చివర "ఉయ్యాలో" ను సాగదీసేది. పాట సాగితే అందరి చేతులూ నెమ్మదించేవి. ఆ సందులో పక్కనున్నవాళ్ళం వదినె పట్టెలో రెండు మూడు కుదుళ్ళు గుచ్చేవాళ్ళం. ఆమె వచ్చి కలిసేది, అప్పుడు అత్త పాటను ముందుకు నడిపేది. ఆ కంకర గొంతులో ఇంత పని జరుగుతోందని నేను కలలో కూడా అనుకోలేదు.

డబ్బాకు కళ్ళెక్కడివి? అది తన మానాన తాను అరుస్తుంది. దానికన్నా నాకు ఒళ్ళు మండించింది మా గుంపు ఆడవాళ్ళు. "ఆమె మునుం గూడ మేమే నాటాల్నా?" అని ఒకామె సణిగింది. ఆమెకు నెలలు నిండి వంగలేకపోయినప్పుడు ఆమె పట్టె నాటింది ఈ వదినే. ఆ మాట ఆమె ముఖం మీదే అనేశాను. మూతి తిప్పుకుంది. సిగ్గులేని జన్మ.

ఆ సాయంత్రం చిన్న సావుకారు అత్తను పిలిచాడు.

"ఇదిగో పెద్దమ్మా, ఆ కుంటావిణ్ణి రేపట్నుంచి తీసుకురావద్దు. చూడు, మడి మధ్యలో ఎలా వదిలేస్తోందో. ఫోటో తీస్తే అసహ్యంగా ఉంది."

కుంటావిడ అత్త కన్న కూతురని ఆయనకు తెలుసు. అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. వదినె నారు కట్టల దగ్గర కూర్చుని అంతా వింటోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సావుకారి, నీ డబ్బ రాకముందు మా వదినె ఎన్నడన్న ఎనకబడ్డదా? నువ్వే చెప్పు. మా అత్త పాడితే అందరితోని సమంగ వస్తది. తప్పు మనిషిది గాదు, నీ డబ్బది."

"నువ్వు ఆగమ్మా. ఆవిడ పాటలో ఏముంది, గాడిద గుడ్డు."

"ఏం లేకనే ఇన్నేండ్లు మీ మడి నిండిందా? ఒక్క దినం పాడనియ్యి. గప్పుడు సూడు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత ఆ బుర్రలో ఏదో వెలిగినట్టుంది. సరేనన్నాడు. మరునాడు పొద్దున ఫోనును ఒక ప్లాస్టిక్ కవరులో చుట్టి అత్త చేతికిచ్చి, బొడ్లో దోపుకుని పాడమన్నాడు. ఆమె పాడింది, మేం అందుకున్నాం. వదినె ముందు మిగల్లేదు. మడి చివర అందరం ఒక్కసారే గట్టెక్కాం. వదినె నా వైపు చూసి నవ్వింది. ఆమె పళ్ళు నేను చూసి ఎన్నాళ్ళయిందో. ఇక పీడ వదిలిందనుకున్నాను.

చిన్న సావుకారు ఫోను తీసుకుని, కవరు విప్పి, "వచ్చేసింది" అన్నాడు. పాట మొత్తం ఫోనులోకి ఎక్కింది. ఆయనకు కావలసింది పాడే మనిషి కాదు, పాట. అది ఉంటే ఏ పొలంలో ఏ గుంపుకైనా మోగించుకోవచ్చు. మధ్యలో పొగాకు వేసుకోవడాలు ఉండవు. ఇంట్లో పాత ఫోను ఒకటి ఉంటే దాంట్లోకి ఈ పాట ఎక్కించి, డబ్బా పక్కనే గట్టు మీద పడేశాడు. ఇక ఆయన ఎండలో నిలబడక్కర్లేదు. దర్జాగా వేపచెట్టు కింద కారులో ఏసీ వేసుకుని కూర్చోవచ్చు. ఎంత తెలివి!

అంతటితో ఆగాడా? "కొంచెం స్పీడు పెంచాను" అన్నాడు. ఏ యాప్‌లో వేశాడో ఏమో, మా అత్త గొంతు సన్నగా, హడావిడిగా, పదహారేళ్ళ పిల్ల గొంతులా వచ్చింది. అత్త నోరు తెరుచుకుని వింది. తర్వాత ఉబ్బితబ్బిబ్బైపోయింది.

"నా గొంతే పిల్లా అది! ఎంత సన్నగైంది సూడు. పడుసుదనంల గిట్లనే ఉంటుండె."

"అత్తా, ఉరుకుతున్నది అది. నువ్వు గిట్ల పాడినవా?"

"నీకేం ఎరుక. ఎంత బాగున్నది!"

అది మొదలు ఆమె పాడటం మానేసింది. తన పాట తాను వింటూ, తల ఊపుకుంటూ, దాని వెనకే చేతులు ఆడించింది. గొంతు డబ్బాలో ఉంది కదా, ఇక తల ఎత్తాల్సిన పనేముంది? ముసలితనంలో మనిషికి ఎన్ని పిచ్చులైనా రావచ్చు గానీ, కన్నకూతురు బురదలో ఒంటరిగా నిలబడి ఉంటే తన గొంతు చూసుకుని మురిసే పిచ్చి ఎక్కడా చూడలేదు. నాకు ఆమె మీద అసహ్యం పుట్టింది. ఇప్పటికీ పోలేదు.

పాటతో పాటు ఇంకో మాట కూడా ఫోనులోకి ఎక్కింది. రికార్డు చేసిన పొద్దున, వదినె నెమ్మదించినప్పుడల్లా అత్త చరణానికీ చరణానికీ మధ్య "నిమ్మలంగ రా బిడ్డా" అంది. మామూలుగానే అనే మాట. అది కూడా ఇప్పుడు డబ్బాలోంచి, అదే సన్న గొంతుతో, అదే హడావిడితో వస్తోంది.

ఆ మాట వచ్చినప్పుడల్లా వదినె తలెత్తి చూసింది. అలవాటు. తల్లి పిలిచిందంటే పాట సాగుతుందని, అందరూ తన కోసం ఆగుతారని. తలెత్తేసరికి పాట ముందుకు ఉరికిపోయేది. తల్లి దూరంగా, వంగి, తన పని తాను చేసుకుంటూ కనిపించేది. తలెత్తిన ఆ క్షణం కూడా దండగై వదినె ఇంకాస్త మిగిలిపోయేది. ఊరడించడానికి ఎప్పుడో అన్న మాటే ఆమెను ఇంకా వెనకేసింది. మధ్యాహ్నానికి ఆమె వెనక పట్టె సగం మడి పొడవున ఖాళీగా ఉంది. డబ్బా "నిమ్మలంగ రా బిడ్డా" అంటూనే ఉంది, పాట మొదటికొచ్చి మళ్ళీ అంటోంది.

నేను నా పట్టె వదిలి ఆమె దగ్గరికి పోయి నాలుగు కుదుళ్ళు గుచ్చాను. "వదినె, అది డబ్బ. దాని మాటకు తలెత్తకు" అన్నాను.

"ఎరుకనే పిల్లా" అంది. "అయిన గూడ మా అమ్మ సూస్తున్నదేమో అనిపిస్తున్నది."

కాసేపటికి తలెత్తడం మానేసింది. తర్వాత నాటు వేయడం కూడా మానేసింది. చేతిలోని నారు కట్టను బురదలో పడేయకుండా గట్టు దాకా మోసుకుపోయి, తడి ఆరకుండా నీళ్ళలో ఆనించి పెట్టింది. కాలువలో చేతులు, కాళ్ళు కడుక్కుంది. సద్ది గిన్నె తీసుకుని, కుంటుకుంటూ బస్సు రోడ్డు వైపు నడిచింది.

ఎవరో అరిస్తే అప్పుడు తలెత్తింది మా అత్త. చేతిలో నారు జారిపోయింది. మడి మధ్యలోంచి, బురదలో తూలుతూ, గట్టు వైపు ఉరికింది. గొంతు చించుకుని పిలిచింది. భయానికి ఆమె గొంతు పీలగా, సన్నగా వచ్చింది. "బిడ్డా! రా బిడ్డా! నిమ్మలంగ రా బిడ్డా!" పక్కనే డబ్బా పాడుతూనే ఉంది. కారులో ఉన్నాయన అద్దం కూడా దించలేదు.

వదినె వెనక్కి తిరిగి చూడలేదు. తర్వాత ఆమె ఏ గుంపుతోనూ రాలేదు. మా ఇంట్లోనే, నేను చెప్పిన ఆ మూలలోనే, తమ్ముడు పెడితే తింటోంది. సీజను అయిపోయి మేం ఊరికి వచ్చాక ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఆ దినం అత్త అంతగనం పిలిస్తే ఇనపడలేదా వదినె?"

"ఇనపడ్డది" అంది. "డబ్బనే అనుకున్న."